పచనం: చీజు ముక్క చెప్పే కథ

సంస్కృతంలో ‘పచ్’ అనే ధాతువుకు వండడం అని అర్థం. పాకం, పక్వం, పచనం, పాచకుడు మొదలైన మాటలన్నీ ఆ ధాతువు నుండి పుట్టినవే. పొయ్యి మీద బియ్యం ఉడకడమూ పచనమే; తిన్న అన్నం కడుపులో జీర్ణం కావడమూ పచనమే; చెట్టు మీద కాయ పండు కావడం పక్వం. మూడు వేరు వేరు పనులను పూర్వులు ఒకే ధాతువుతో చెప్పారు. గ్రీకు భాషలోనూ ఇదే కుదురుకు చెందిన మాట ఒకటి ఉంది. అక్కడ కూడ దానికి వండడం, పండడం, అరగడం అనే అర్థాలు మూడూ ఉన్నాయి. 1836లో జర్మన్ శాస్త్రజ్ఞుడు థియొడార్ ష్వాన్ జీర్ణాశయ రసంలో మాంసాన్ని కరిగించే పదార్థాన్ని గుర్తించి, ఆ గ్రీకు మాట ఆధారంగానే దానికి ‘పెప్సిన్’ అని పేరు పెట్టాడు. 20వ శతాబ్ది ఆరంభంలో ఎమిల్ ఫిషర్ మాంసకృత్తులు విరిగినప్పుడు ఏర్పడే ముక్కలకు ‘పెప్టైడ్లు’ అని పేరు పెట్టడంలోనూ ఆ మాటే ఉంది. కాబట్టి పెప్టైడ్ అనే శాస్త్ర పదం మన ‘పక్వ’ శబ్దానికి దూరపు చుట్టమే.

ఈ పెప్టైడ్ల పేరు చెప్పి నేడు చాలా మాటలు ప్రచారంలో ఉన్నాయి. చీజు తినడం మత్తుమందుకు అలవాటు పడడం వంటిదని కొందరు అంటారు. ఒక జాతి ఆవు పాలు రోగాలు తెస్తాయని, మరొక జాతి ఆవు పాలు అమృతమని చెప్పి, రెండవ రకానికి ఎక్కువ ధర పలికించేవారు ఉన్నారు. పెరుగు, చీజు రక్తపోటును తగ్గిస్తాయని చెప్పేవారు మరికొందరు. పరస్పరం పొసగని ఈ మాటలన్నిటికీ మూలంలో ఉన్న నమ్మకం ఒక్కటే: పాలలోని మాంసకృత్తుల ముక్కలు విరగకుండా రక్తంలోకి చేరి అక్కడ పని చేస్తాయని. అవి నిజంగా చేరతాయా, చేరితే ఎంత మేరకు అన్నది తెలియాలంటే ఒక చీజు ముక్క వెంట దాని ప్రయాణం ఆసాంతం నడవక తప్పదు.

ముందుగా మాట విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులు తరచు చీజును ‘జున్ను’ అని అనువదిస్తాయి. అది సరైన అనువాదం కాదు. ఆవో గేదో ఈనిన తరువాత తొలి రెండు మూడు రోజులలో ఇచ్చే ముర్రుపాలలో బెల్లం కలిపి, మిరియాల పొడి, యాలకులు వేసి ఆవిరి మీద ఉడికిస్తే గడ్డకట్టేది జున్ను. ముర్రుపాలలో రోగనిరోధక మాంసకృత్తులు అపారంగా ఉంటాయి. అవి వేడికి గడ్డకడతాయి. మరుగుతున్న పాలలో నిమ్మరసం పిండి విరగ్గొడితే వచ్చేది పనీరు. చీజు పుట్టుక ఈ రెండింటి కంటె భిన్నమైనది. దాని రహస్యమంతా దూడ కడుపులో ఉంది.

లీటరు ఆవు పాలలో దాదాపు 32 నుండి 35 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. అందులో ఐదింట నాలుగు వంతులు కేసిన్ అనే వర్గానికి చెందినవి. ‘కేసియస్’ అంటే లాటిన్‌లో చీజు. కేసిన్‌కు ఆ పేరు అక్కడినుండి వచ్చింది. ఆల్ఫా-ఎస్1, ఆల్ఫా-ఎస్2, బీటా, కప్పా అనే నాలుగు రకాల కేసిన్లు కాల్షియం ఫాస్ఫేటుతో కలిసి కంటికి కనిపించనంత చిన్న ఉండలుగా పాలలో తేలుతూ ఉంటాయి. పాలు తెల్లగా కనిపించడానికి వెన్న కణాలతో పాటు ఈ ఉండలు కూడ కారణమే. ఉండ ఉపరితలం మీద కప్పా-కేసిన్ నూగులాగ నిలబడి, ఒక ఉండ మరొక దానికి అంటుకోకుండా కాపాడుతుంది. పాలు తాగే దూడ నాలుగవ జీర్ణాశయంలో కైమోసిన్ అనే ఎంజైము ఊరుతుంది. అది కప్పా-కేసిన్‌లో 105వ, 106వ అమైనో ఆమ్లాల నడుమ ఒకే ఒక్క బంధాన్ని తెంచుతుంది. నూగు రాలిపోతుంది. ఉండలన్నీ ఒకదానికొకటి అతుక్కొని పాలు గడ్డకడతాయి. ద్రవం జారిపోతుంది కాని, గడ్డ కడుపులో నిలిచి నెమ్మదిగా అరుగుతుంది. దూడకు ఇది ప్రకృతి చేసిన ఏర్పాటు.

మనిషి ఆ ఎంజైమునే తీసి తొట్టెలోని పాలలో వేశాడు. చీజు తయారీ అంటే దూడ కడుపులో జరిగే తొలి పచనాన్ని కడుపు బయట జరిపించడమే! పూర్వం ఈ ఎంజైమును దూడల జీర్ణాశయాల నుండే తీసేవారు. అందువల్లనే శాకాహారులకు చీజు చాలా కాలం అభ్యంతరకరంగా ఉండేది. సూక్ష్మజీవుల చేత తయారుచేయించిన కైమోసిన్‌ను 1990లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించిన తరువాత ఆ ఇబ్బంది చాలావరకు తొలగింది.

గడ్డను పిండి, ఉప్పు పట్టించి, చల్లని గదిలో నెలల తరబడి నిలవ ఉంచడం తరువాతి మెట్టు. పార్మిజానో రెజ్జానో అనే ఇటలీ చీజును కనీసం 12 నెలలు ఉంచనిదే ఆ పేరుతో అమ్మరాదు. 24, 36 నెలలు ఉంచేవీ ఉన్నాయి. ఆ కాలమంతా చీజు నిశ్చలంగా కనిపిస్తుంది. లోపల మాత్రం మిగిలిన కైమోసిన్, పాలలో సహజంగా ఉండే ప్లాస్మిన్, తోడుగా వేసిన బాక్టీరియా ఎంజైములు కేసిన్ గొలుసులను కొరుకుతూనే ఉంటాయి. పొడవైన గొలుసులు పెద్ద ముక్కలు, పెద్దవి చిన్నవి, చిన్నవి విడి అమైనో ఆమ్లాలు అవుతాయి. కొన్ని ముక్కలు చేదుగా ఉంటాయి. పండకుండా పాడైన చీజులోని చేదుకు అవే కారణం. బాగా పండిన పార్మిజానోను కొరికితే పంటి కింద కరకరమనే తెల్లని పలుకులు తగులుతాయి. అవి ఉప్పు కావు, ఎక్కువగా టైరోసిన్ అనే అమైనో ఆమ్లపు స్ఫటికాలు. 1846లో యుస్టుస్ లీబిగ్ చీజులోని కేసిన్ నుండి దానిని వేరుచేసి, చీజుకు గ్రీకులో ఉన్న ‘టైరోస్’ అనే మాటతో ఆ పేరు పెట్టాడు. ఈ టైరోసిన్‌ను విద్యార్థులు గుర్తుంచుకోవాలి. కథ చివర అది మరొక వేషంలో తిరిగి వస్తుంది.

ఇప్పుడు చీజు ముక్క నోటిలో పడింది. 30 గ్రాముల చెడ్డార్ చీజులో సుమారు 7 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. మాంసకృత్తు అంటే 20 రకాల అమైనో ఆమ్లాలను అక్షరాలుగా చేసుకొని రాసిన సుదీర్ఘ సమాసం అనుకోవచ్చు. బీటా-కేసిన్ 209 అక్షరాల సమాసం. శరీరం ఆ సమాసాన్ని ఉన్నది ఉన్నట్లు వాడుకోలేదు. దానిని విడగొట్టి, అక్షరాలను మాత్రం తీసుకొని, తన సొంత సమాసాలను తాను రాసుకుంటుంది. విడగొట్టే పని ఒక్క చోట, ఒక్క ఎంజైముతో జరగదు. జీర్ణాశయంలో హైడ్రోక్లోరికామ్లం మాంసకృత్తు మడతలను విప్పితే పెప్సిన్ అక్కడక్కడ తెంచుతుంది. ఆంత్రమూలంలో క్లోమం నుండి వచ్చిన ట్రిప్సిన్, కైమోట్రిప్సిన్, ఎలాస్టేజ్ గొలుసులను మధ్యలో కోస్తాయి. కార్బాక్సిపెప్టిడేజులు చివరలనుండి ఒక్కొక్క అక్షరాన్ని ఒలుస్తాయి. ట్రిప్సిన్ క్లోమంలో నిద్రాణ రూపంలో ఉండి, పేగులోకి వచ్చిన తరువాతనే మేలుకొంటుంది. లేకుంటే అది పుట్టిన ఇంటినే జీర్ణం చేసుకొనేది.

అయినా పని పూర్తికాలేదు. ఈ దశలో మిగిలినది కొంత విడి అమైనో ఆమ్లాలు, అంతకంటె ఎక్కువగా రెండు నుండి ఆరేడు అక్షరాల పొట్టి పెప్టైడ్లు. ఇవి చిన్నప్రేగు గోడను చేరుకుంటాయి. ఆ గోడ నిండ చూషకాలు, ఒక్కొక్క చూషకం మీది కణాలకు మళ్ళీ వేలకొద్ది సూక్ష్మచూషకాలు. ఇక్కడే ఒక విశేషం ఉంది. ఆ సూక్ష్మచూషకాల మీద కూడ ఎంజైములు నాటుకొని ఉంటాయి. లోపలికి పోవలసిన ద్వారం మీదనే కత్తులు పట్టుకొని కావలివారు నిలబడినట్లు! లోపలికి పోగోరే ప్రతి ముక్కా ఆ కత్తులను దాటుకొని పోవాలి.

అయితే ఎంత చిన్న ముక్కను లోపలికి పోనిస్తారు? 20వ శతాబ్ది ప్రథమార్ధమంతా శాస్త్రజ్ఞులు మాంసకృత్తులు పూర్తిగా విడి అమైనో ఆమ్లాలు అయితే తప్ప పేగు గోడను దాటలేవని నమ్మారు. పాఠ్యపుస్తకాలు కూడ అలాగే చెప్పాయి. 1950ల చివర ఇంగ్లండులోని షెఫీల్డు విశ్వవిద్యాలయంలో న్యూయీ, స్మైత్ అనే పరిశోధకులు రెండు అమైనో ఆమ్లాల జంట విడిపోకుండానే పేగు కణంలోకి పోతుందని ప్రయోగం ద్వారా చూపారు. వెంటనే అందరూ ఒప్పుకోలేదు. దీనికి బలమైన సాక్ష్యం ఒక అరుదైన జబ్బు నుండి దొరికింది. 1956లో లండన్ వైద్యులు వర్ణించిన హార్ట్‌నప్ వ్యాధిలో ట్రిప్టోఫాన్ వంటి కొన్ని అమైనో ఆమ్లాలను పేగు పీల్చుకోలేదు. ఆ లోటు వల్ల రోగులకు పెల్లాగ్రాను పోలిన చర్మపు దద్దుర్లు వస్తాయి. (పెల్లాగ్రాకూ తెలుగు నేలకూ సంబంధం ఉంది: జొన్న ప్రధానాహారంగా గల పేదలలో ఆ వ్యాధికీ లూసిన్ అనే అమైనో ఆమ్లానికీ గల లంకెను హైదరాబాదులో పనిచేసిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో ప్రతిపాదించారు.) హార్ట్‌నప్ రోగికి విడి అమైనో ఆమ్లం ఇస్తే రక్తంలో అంతగా కనిపించదు. దానినే మరొక దానితో జతచేసి పెప్టైడుగా ఇస్తే చక్కగా రక్తంలోకి వస్తుంది. 1970 ప్రాంతంలో ఈ సంగతి వెల్లడి కావడంతో విడి అక్షరాలకు ఒక ద్వారం, జంటలకు వేరొక ద్వారం ఉన్నాయని తేలిపోయింది.

ఆ రెండవ ద్వారం జన్యువును 1994లో కుందేలు పేగు నుండి వేరుచేశారు. దాని పేరు పెప్ట్-1. రెండు లేక మూడు అమైనో ఆమ్లాల పెప్టైడ్లను మాత్రమే అది లోపలికి తీసుకొంటుంది, నాలుగైతే తీసుకోదు. 20 అక్షరాలతో ఏర్పడగల జంటలు 400, మూడక్షరాల మాటలు 8,000. ఇన్నిటినీ ఒకే ద్వారం గుర్తుపట్టడం ఆశ్చర్యం కలిగించే విషయం. ఆకారంలో పెప్టైడును పోలినందువల్ల సెఫలెక్సిన్ వంటి యాంటీబయాటిక్ మందులు కూడ ఈ ద్వారం గుండానే శరీరంలోకి పోతాయి. నోటితో మింగే మాత్ర పని చేయడానికి కారణం అదే.

లోపలికి పోయినంత మాత్రాన పెప్టైడు రక్తంలోకి చేరినట్లు కాదు. పేగు కణం లోపల మరికొన్ని ఎంజైములు ఉంటాయి. అవి జంటలను, ముక్కోణపు మాటలను విడి అక్షరాలుగా కోసివేస్తాయి. కణం వెనుక వైపు నుండి రక్తకేశనాళికలలోకి పోయేవి దాదాపు అన్నీ విడి అమైనో ఆమ్లాలే. అవి కాలేయ నిర్వాహక సిర ద్వారా కాలేయానికి చేరతాయి. ఈ క్రమం ఎంత సమర్థంగా సాగుతుందంటే పాల మాంసకృత్తులలో నూటికి 95 వంతుల దాకా చిన్నప్రేగు దాటేలోపలే శరీరంలో కలిసిపోతాయి. వేగం మాత్రం ఒక్కటే కాదు. 1997లో ఫ్రాన్స్‌లో జరిగిన ఒక పరిశోధనలో, తేటలోని మాంసకృత్తులు తాగినవారి రక్తంలో అమైనో ఆమ్లాలు చప్పున పెరిగి చప్పున తగ్గాయి. కేసిన్ తీసుకున్నవారిలో నెమ్మదిగా పెరిగి 7 గంటల దాకా నిలిచాయి. కడుపులో గడ్డకట్టే స్వభావం దూడలో ఏ పని చేసిందో మనిషిలోనూ అదే చేసింది.

మరి కావలివారిని తప్పించుకొనే ముక్కలు అసలే లేవా? ఉన్నాయి. వాటి అండ ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం. మిగిలిన అమైనో ఆమ్లాలు గొలుసులో సులభంగా ఒదుగుతాయి. ప్రోలిన్ ఉన్న చోట మాత్రం గొలుసు మెలిపడుతుంది. సామాన్య ఎంజైముల కత్తి ఆ మెలికలో దిగదు. బీటా-కేసిన్‌లోని 209 అక్షరాలలో దాదాపు 35 ప్రోలిన్లే. కేసిన్ నుండి మొండి ముక్కలు ఎక్కువగా రావడానికి కారణం అదే. 1990లలో జపాన్ పరిశోధకులు పులియబెట్టిన పాలలో రెండు మూడక్షరాల పెప్టైడ్లను గుర్తించారు: వాలిన్-ప్రోలిన్-ప్రోలిన్, ఐసోల్యూసిన్-ప్రోలిన్-ప్రోలిన్. రక్తనాళాలను సంకోచింపజేసే ఒక ఎంజైమును ఇవి అడ్డుకుంటాయి. రక్తపోటుగల ఎలుకలకు ఇస్తే పోటు తగ్గింది. పండిన చీజులలోనూ ఇవి ఉన్నాయి. మనుషుల రక్తంలో వెదికితే ఐసోల్యూసిన్ రకం నిజంగానే దొరికింది, కాని లీటరుకు నానోమోల్ అనే అతిస్వల్ప ప్రమాణం దరిదాపులలోనే. రక్తపోటు మీద దాని ప్రభావం విషయంలో జపానులో వచ్చిన ఫలితాలంత స్పష్టంగా ఐరోపా పరీక్షలలో రాలేదు. 1998లో ఫ్రాన్స్ పరిశోధకులు పాలు, పెరుగు తీసుకున్నవారి రక్తంలో కేసిన్‌కు చెందిన కొన్ని పొడవైన ముక్కలను కూడ కనుగొన్నారు. అంటే ద్వారం పూర్తిగా మూసి ఉన్నదని చెప్పడం తప్పు. బార్లా తెరిచి ఉన్నదని చెప్పడం అంతకంటె పెద్ద తప్పు.

ఇక మత్తు సంగతి. 1979లో జర్మనీలో బ్రాంట్ల్, టెషెమాఖర్, వారి సహచరులు ఆవు కేసిన్ విరిగినప్పుడు ఏర్పడే ఏడక్షరాల పెప్టైడును వేరుచేశారు. నల్లమందులోని మార్ఫిన్ శరీరంలో ఏ గ్రాహకాలను తాకుతుందో ఈ ముక్క కూడ వాటినే తాకుతున్నట్లు గమనించి, దానికి ‘బీటా-కేసోమార్ఫిన్’ అని పేరు పెట్టారు. కేసిన్, మార్ఫిన్ అనే రెండు మాటల సంధి అది. శాస్త్రపరంగా సరైన పేరే. కాని పేరులో మార్ఫిన్ ఉండడం చేత ఆ పెప్టైడుకు లేనిపోని అపఖ్యాతి వచ్చింది. చీజులో మార్ఫిన్ ఉందనే ప్రచారానికి ఈ సంధి కంటె వేరే పెట్టుబడి అవసరం లేకపోయింది.

ఇక్కడ మూడు ప్రశ్నలను విడివిడిగా అడగాలి. ఆ ముక్క చీజులో, లేదా తిన్న తరువాత పేగులో, ఏర్పడుతుందా? ఏర్పడితే రక్తంలోకి పోతుందా? పోతే మెదడు మీద పని చేసేంత మోతాదులో ఉంటుందా? ప్రచారంలో ఉన్న కథలు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పి, మూడింటికీ చెప్పినట్లు నటిస్తాయి. మొదటి ప్రశ్నకు జవాబు అవుననే. చీజులో దాని పాళ్లు తక్కువ. చీజును పండించే బాక్టీరియా ఎంజైములే దానిని తిరిగి కోసివేయగలవు. పేగులో మాత్రం నిస్సందేహంగా ఏర్పడుతుంది. 2013లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, ఆరోగ్యవంతులకు కేసిన్ ఇచ్చి చిన్నప్రేగు నడిమి భాగం నుండి గొట్టం ద్వారా ద్రవాన్ని తీసి పరీక్షించగా అందులో కేసోమార్ఫిన్లు కనిపించాయి. రెండవ ప్రశ్న దగ్గర కథ అడ్డం తిరుగుతుంది. ఏడక్షరాల ముక్క పెప్ట్-1 ద్వారంలో పట్టదు. పైగా ఆ ముక్కలో రెండవ స్థానంలో ప్రోలిన్ ఉంది. సామాన్య ఎంజైములకు లొంగని ఈ నిర్మాణాన్ని కోయడానికే పుట్టినట్లు డైపెప్టిడిల్ పెప్టిడేజ్-4 అనే ఎంజైము సూక్ష్మచూషకాల మీద ఉంటుంది, రక్తంలోనూ ఉంటుంది. అది ముందు రెండక్షరాలను తెంపివేయగానే కేసోమార్ఫిన్ తన గుణాన్ని కోల్పోతుంది. (మధుమేహ రోగులు వాడే సిటాగ్లిప్టిన్ వంటి మందులు అడ్డుకొనేది ఈ ఎంజైమునే.) మార్ఫిన్‌తో పోలిస్తే కేసోమార్ఫిన్ అసలే ఎన్నో రెట్లు బలహీనమైనది. అది పేగు గోడ మీది గ్రాహకాలను తాకి పేగు కదలికను కొంత మందగింపజేయవచ్చు. ఆ పనికి రక్తంలోకి పోవలసిన అవసరం లేదు. దానిని మత్తు అనడానికి వీలులేదు.

2015లో అమెరికాలోని మిచిగాన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఏ ఆహారాల విషయంలో మనుషులు తమను తాము అదుపు చేసుకోలేకపోతున్నారో ప్రశ్నావళి ద్వారా తెలుసుకొన్నారు. పిజ్జా ముందు వరుసలో నిలిచింది. కొన్ని పత్రికలు పిజ్జాలో చీజు ఉంది, చీజులో కేసోమార్ఫిన్ ఉంది, కనుక చీజు మత్తుమందు అని తేల్చివేశాయి. ఆ పరిశోధనలో కేసిన్‌ను ఎవరూ కొలవలేదు. కొవ్వు, శుద్ధిచేసిన పిండిపదార్థాలు కలిసిన ఆహారాల గురించి వారు చెప్పిన మాట వేరు.

ఆవు జాతుల వివాదం కూడ ఈ ఏడక్షరాల చుట్టూ తిరిగేదే. బీటా-కేసిన్‌లో 67వ స్థానంలో ప్రోలిన్ ఉంటే ఏ2 రకం, హిస్టిడిన్ ఉంటే ఏ1 రకం. కేసోమార్ఫిన్ 60 నుండి 66 వరకు గల ముక్క. కాబట్టి 67 వద్ద కోత పడితేనే అది విడిపడుతుంది. అక్కడ ప్రోలిన్ ఉంటే కోత కష్టం, హిస్టిడిన్ ఉంటే సులభం. ఐరోపా సంతతికి చెందిన అనేక జాతులలో ఏ1 ఎక్కువ. ఒంగోలు వంటి దేశవాళీ జాతులలోను, గేదెలలోను ఏ2 ప్రధానం. ఇంతవరకు రసాయన శాస్త్రం. దీనినుండి ఏ1 పాలు మధుమేహానికి, గుండెజబ్బుకు కారణమనే వాదం బయలుదేరింది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ అందుబాటులో ఉన్న ఆధారాలన్నిటినీ పరిశీలించి, ఇటువంటి వ్యాధులకూ కేసోమార్ఫిన్లకూ కార్యకారణ సంబంధం నిరూపితం కాలేదని 2009లో ప్రకటించింది. మనదేశంలో 2024 ఆగస్టులో ఆహార భద్రతా ప్రమాణాల ప్రాధికార సంస్థ పాల పొట్లాల మీద ఏ1, ఏ2 అనే ప్రకటనలను తొలగించమని ఆదేశించి, కొద్ది రోజులలోనే ఆ ఆదేశాన్ని ఉపసంహరించుకొంది. ఒంగోలు ఆవు గొప్పతనానికి వేరే కారణాలు ఎన్నో ఉన్నాయి. అక్షరం మార్పు వల్ల వచ్చిన కీర్తి దానికి అవసరం లేదు. గేదె పాలు తాగే తెలుగు కుటుంబం ఏ2 అనే ముద్ర కోసం అదనంగా రూపాయి పెట్టవలసిన పని అంతకంటె లేదు.

పేగు ద్వారం నిజంగా బార్లా తెరుచుకొని ఉండే కాలం ఒకటి ఉంది. అది తెలుసుకోవాలంటే జున్ను దగ్గరకు మళ్ళీ రావాలి. దూడ తల్లి గర్భంలో ఉండగా తల్లి రక్తంలోని రోగనిరోధక మాంసకృత్తులు దానికి చేరవు. దూడ ఏ రక్షణా లేకుండా పుడుతుంది. పుట్టిన మొదటి 24 గంటలు దాని పేగు గోడ ముర్రుపాలలోని మాంసకృత్తులను ముక్కలు చేయకుండా, యథాతథంగా రక్తంలోకి పోనిస్తుంది. గంటలు గడిచిన కొద్దీ ద్వారం మూసుకొనిపోతుంది. ఈనగానే దూడకు ముర్రుపాలు తాగించాలని, తరువాతనే పిండుకోవాలని పశుపాలకులు పట్టుబట్టడంలో అర్థం ఇదే. దూడకు చాలినంత దక్కకుండా ఇంటిల్లిపాదీ జున్ను తింటే ఆ దూడ రోగాలకు బలి అవుతుంది. అప్పుడే పుట్టి పాలు తాగిన దూడల రక్తంలో కేసోమార్ఫిన్‌ను పోలిన పదార్థాన్ని 1985లో పరిశోధకులు చూపగలిగారు. ద్వారం తెరిచి ఉన్న రోజులు కనుకనే అది సాధ్యమయింది.

మనిషి శిశువు పరిస్థితి వేరు. తల్లి రక్తంలోని రక్షక పదార్థాలు మావి ద్వారా ముందుగానే చేరతాయి కాబట్టి పేగు అంతగా తెరుచుకొని ఉండవలసిన పని లేదు. అయినా తొలి నెలలలో ఆ గోడ పెద్దలలో ఉన్నంత బిగువుగా ఉండదు. విరగని పాల మాంసకృత్తులు స్వల్పంగా లోపలికి చేరి, కొందరు శిశువులలో రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొట్టి, ఆవు పాల ఎలర్జీని కలిగిస్తాయి. అటువంటి పిల్లలకు పాలు కాచి ఇచ్చినా, చీజుగా మార్చి ఇచ్చినా ప్రమాదం తొలగిపోదు. కేసిన్ వేడికి చెడదు. పండిన చీజులోనూ దాని ముక్కలు గుర్తుపట్టదగినంత పొడవుగానే మిగులుతాయి. అతిస్వల్ప ప్రమాణం కదా అని కొట్టివేయడానికి ఇక్కడ వీలులేదు. మొదటి ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మాటకు ఉన్న కారణాలలో శిశువు పేగు అపరిపక్వంగా ఉండడం ఒకటి.

కావలివారు నిద్రపోతే పెద్దలకు కూడ ఏమి జరుగుతుందో 1960లలో తెలిసింది. మానసిక కుంగుబాటుకు అప్పుడు కొత్తగా వచ్చిన ఒక వర్గం మందులు వాడుతున్న రోగులలో కొందరికి హఠాత్తుగా భరించలేని తలనొప్పి వచ్చి, రక్తపోటు ప్రమాదకరంగా పెరిగేది. కొందరు మెదడులో రక్తస్రావమై మరణించారు. లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో పనిచేస్తున్న యువ వైద్యుడు బారీ బ్లాక్‌వెల్ ఈ సంగతిని గురించి రాసినది చూసి నాటింగ్‌హామ్ నుండి ఒక మందుల దుకాణదారు ఉత్తరం రాశాడు. తన భార్య ఆ మందు వాడుతూ చీజు తిన్నప్పుడల్లా ఇలాగే జరుగుతున్నదని అందులోని సారాంశం. ఆ మాట మొదట నవ్వు పుట్టించినా, బ్లాక్‌వెల్ ఇతర రోగుల భోజన వివరాలను వెదికి, 1963లో చీజే కారణమని ప్రకటించాడు.

దోషి పెప్టైడు కాదు, దానికంటె చిన్నది. చీజు పండేటప్పుడు బాక్టీరియా టైరోసిన్ నుండి బొగ్గుపులుసు వాయువు భాగాన్ని తొలగిస్తే టైరమిన్ అనే పదార్థం మిగులుతుంది. అది రక్తంలో కలిస్తే రక్తనాళాలు ముడుచుకుంటాయి. మామూలుగా పేగు గోడలోను, కాలేయంలోను ఉండే మోనో అమీన్ ఆక్సిడేజ్ అనే ఎంజైము దానిని దారిలోనే నాశనం చేస్తుంది. ఆ రోగులు వాడిన మందు ఆ ఎంజైమునే ఆపివేసింది. ఆరోగ్యవంతుడు ఒక భోజనంలో 600 మిల్లీగ్రాముల టైరమిన్‌ను సైతం తట్టుకోగలడని, ఆ పాత వర్గం మందు వాడేవారికి 6 మిల్లీగ్రాములకు మించి నిరపాయం కాదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2011లో లెక్క కట్టింది. నూరు రెట్ల తేడా! చీజు రెండు సందర్భాలలోనూ ఒక్కటే. మారింది గోడ మాత్రమే. నేటికీ ఆ వర్గం మందులు రాసే వైద్యులు రోగి చేతికి తినరాని పదార్థాల జాబితా ఇస్తారు. నెలల తరబడి నిలవ ఉంచిన చీజులు అందులో మొదటి వరుసలో ఉంటాయి. అప్పటికప్పుడు పాలు విరగ్గొట్టి చేసిన తాజా పనీరు పేరు అందులో ఉండదు. అది ఇంకా పండలేదు కనుక.